"సార్, మీ బడ్జెట్ ఎంత?" అని బిల్డరు అడిగితే చెప్పాలా, దాచాలా?

సొంత స్థలంలో ఇల్లు కట్టిద్దామని ఎవరిని పిలిచినా, ఊళ్ళో మేస్త్రీ అయినా, ఆఫీసు పెట్టుకున్న బిల్డరు అయినా, సైటు చూసి టీ తాగేలోపు అడిగేది ఒకటే: "బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు సార్?" అక్కడ మనకి గొంతులో వెలక్కాయ పడుతుంది. నిజం చెబితే ఆ డబ్బంతా ఊడ్చేస్తాడేమో, తక్కువ చెబితే నాసిరకంగా కడతాడేమో, అసలు చెప్పకపోతే మనల్ని సీరియస్‌గా తీసుకోడేమో అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చెప్పాలి. కాకపోతే మీ దగ్గరున్న మొత్తం డబ్బు వేరు, బిల్డరుకి చెప్పాల్సిన అంకె వేరు, ఆ రెండోది ఎంతో తెలియకుండా మొదటి రోజే నోరు తెరవకూడదు. మీరు ఏ రకం కాంట్రాక్టు ఇస్తున్నారన్న దాన్ని బట్టి కూడా ఎంతవరకు చెప్పాలన్నది మారుతుంది.

మనవాళ్ళు ఇచ్చే జవాబులు ఎలా ఉంటాయో, ఒక్కోదానికి ఏం జరుగుతుందో ముందు చూద్దాం.

"అది తర్వాత, ముందు చదరపు అడుగుకి ఎంతో మీరు చెప్పండి"

ఎక్కువమంది అనేది ఇదే. తెలివైన బేరంలాగే కనిపిస్తుంది. ముగ్గుర్ని అడిగారు, ఒకరు 1,750 అన్నారు, ఒకరు 2,000, ఇంకొకరు 2,300 అన్నారు అనుకుందాం. 1,750 వాడు చవక అని సంతోషపడతాం, కానీ ఆ ముగ్గురూ చెప్పింది మూడు వేర్వేరు ఇళ్ళ రేట్లు. మొదటివాడి రేటులో సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, ఎలివేషన్ (ఇంటి ముందు వైపు హంగులు) ఏవీ లేవు. రెండోవాడు బాల్కనీని, మెట్ల మీద గదిని, బయటికొచ్చిన సజ్జని కూడా స్లాబు కొలతలో కలిపి కొలుస్తాడు, అంటే మీ 1,200 అడుగుల ఇల్లు బిల్లులో 1,380 అవుతుంది. మూడోవాడు లప్పం, రెండు కోట్ల పెయింటు, టేకు ద్వారబంధం అన్నీ కలిపి చెప్పాడు, ఆ మాట చెప్పే అవకాశం మాత్రం మీరు ఇవ్వలేదు. బడ్జెట్ దాచి రేటు అడగడం ఒకే ఒక్క సందర్భంలో పనిచేస్తుంది: మీ చేతిలో ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగు (పునాది, పిల్లర్లు, కడ్డీల వివరాలుండేది), ఏ ఐటెమ్ ఏ రకం అన్న జాబితా మూడూ ఉండి, ముగ్గురికీ అవే కాపీలు ఇచ్చినప్పుడు. అప్పుడు మీ జేబులో ఎంతుందో వాళ్ళకి అవసరమే లేదు. కానీ ఆ కాగితాలు చేయించుకుని బిల్డరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎంతమంది?

తక్కువ చెప్పడం

చేతిలో 28 లక్షలు ఉంటే "20లో అయిపోవాలి మేస్త్రీ" అనడం. మన బేరం అలవాటంతా ఇందులోనే ఉంది, చీర కొనేటప్పుడు సగానికి అడిగినట్టు. చీర అయితే కుదరకపోతే షాపు మారుస్తాం, ఇల్లు స్లాబు దాకా లేచాక మేస్త్రీని మార్చడం ఎంత నరకమో పడ్డవాళ్ళనే అడగాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాడు మొదట చేసేది పాతవాడి పనికి వంకలు పెట్టి తన రేటు పెంచడం.

తక్కువ చెబితే జరిగేవి రెండు. నిజాయితీగా లెక్క వేసే కాంట్రాక్టరు "ఇంతలో అవ్వదు సార్" అని వెళ్ళిపోతాడు. "అన్నీ అవుతాయి, మీరు టెన్షన్ పడకండి" అనేవాడు మిగులుతాడు. అంటే తక్కువ అంకె చెప్పి మీరు వడపోసింది మంచివాళ్ళని. ఇక మిగిలినవాడు 20లో కడతానని ఒప్పుకున్నాడు కాబట్టి 20లోనే తన లాభం చూసుకోవాలి, దాన్ని ఎక్కడ తీస్తాడు? టైల్స్‌లో, రంగుల్లో తీస్తే మీకు కనిపిస్తుంది, గొడవ. కనిపించని చోట తీస్తాడు. సిమెంటు పాళ్ళు, కడ్డీల మధ్య దూరం, క్యూరింగ్ (కాంక్రీటుని తడుపుతూ ఉంచడం), సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే పలకలు, పోట్లు). కాంక్రీటుకి సంబంధించిన మన ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ అనే మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి కలగలుపు సిమెంటైతే 10 రోజులు తడిగా ఉంచాలి. స్లాబు కింద పోట్లు చిన్న గదులకి 7 రోజులు, గది అడ్డకొలత నాలుగున్నర మీటర్లు దాటితే 14 రోజులు ఉంచాలి. సెంట్రింగ్ సామాను రోజు అద్దె మీద నడుస్తుంది కాబట్టి రేటు గిట్టుబాటు కానివాడు మొదట చేసేది ఆ పోట్లు తొందరగా ఊడదీసి ఇంకో సైటుకి పంపడం.

ఇంకొకటి ఉంది, అది మన వైపు తప్పు. 20 అని చెప్పి, పని మొదలయ్యాక దాచిన 8 లక్షలు మన చేతులు దురద పెట్టిస్తాయి. "కిటికీలు యూపీవీసీ వేద్దాం", "హాల్లో పెద్ద టైల్ వేద్దాం", "మెట్లకి గ్రానైట్ పెడదాం". ఇవన్నీ ఒప్పందంలో లేవు కనుక ప్రతిదీ ఎక్స్‌ట్రా, ఎక్స్‌ట్రాకి బేరం ఉండదు, అప్పటికి వేరేవాడితో చేయించుకునే దారి లేదు. మొదట్లోనే ఆ ఐటెమ్‌లు చెప్పి ఉంటే మొత్తం మీద బేరం ఆడేవాళ్ళం. చివరికి పెట్టేది ఆ 28 లక్షలే, వచ్చేది మాత్రం 25 లక్షల ఇల్లు.

"25 నుంచి 30 మధ్యలో"

మీరు అన్నది 25, అవతల వినపడింది 30. అంతే. అయితే దీన్ని పనికొచ్చేలా వాడుకునే మార్గం ఒకటుంది. "25కి ఏ ఇల్లు వస్తుంది, 30కి ఏ ఇల్లు వస్తుంది, రెండూ రాసివ్వండి" అని అడగండి. తేడా అయిదు లక్షలు ఎక్కడెక్కడ పోతోందో ఐటెమ్ వారీగా తెలుస్తుంది. నాకు తెలిసి దీనికన్నా మంచి పరీక్ష లేదు, ఎందుకంటే సరిగ్గా లెక్క వేయడం రానివాడు ఈ కాగితం ఇవ్వలేడు.

"డబ్బుకి చూడొద్దు, ఇల్లు బాగా రావాలి"

అన్నిటికంటే ఖరీదైన మాట. డల్లాస్ నుంచో, లండన్ నుంచో ఫోన్‌లో కట్టించేవాళ్ళ నోట ఎక్కువ వస్తుంది, వాళ్ళ గురించి కింద మళ్ళీ చెబుతా.

నిజం చెప్పడం

"నిర్మాణానికి నా దగ్గర ఇంత ఉంది. ఇందులో ఎంత ఇల్లు, ఏ క్వాలిటీలో వస్తుంది? రాకపోతే ఇప్పుడే చెప్పండి." ఇలా అడిగితే బిల్డరు పని మారిపోతుంది, మీ జేబు ఊహించడం మానేసి విస్తీర్ణం తగ్గించాలా, పై అంతస్తు వాయిదా వేయాలా, ఫినిషింగ్ తగ్గించాలా అని ఆలోచిస్తాడు. చెప్పిన అంకె మొత్తం ఊడ్చేస్తాడన్న భయం నిజమే, కానీ ఏమిస్తాడో రాసి లేనప్పుడే ఆ భయం. ఉదాహరణకి 23 లక్షలకి ఏమేం వస్తాయో కాగితం మీద ఉంటే, ఆ కాగితాన్ని ఇంకో ఇద్దరికి చూపించి ఎంతకి చేస్తారో అడగొచ్చు. ఊడ్చేది అంకె తెలిసినవాడు కాదు, ఐటెమ్‌లు రాయనివాడు.

ఇంతకీ ఏ అంకె చెప్పాలి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

జిల్లా కేంద్రంలో 200 గజాల సైటు. సొంత డబ్బు 18 లక్షలు, హోమ్ లోన్ 22 లక్షలు, మొత్తం 40. చాలామంది బిల్డరుకి 40 అనే చెబుతారు. కానీ ఆ 40లో బిల్డరు చేతికి వెళ్ళనివి ఎన్ని ఉన్నాయో చూడండి. ప్లాన్ అనుమతి ఫీజులు, మట్టి పరీక్ష, ఇంజినీరు డ్రాయింగులు, బోరు, తాత్కాలిక కరెంటు మీటరు కలిపి 3 లక్షలు అనుకుందాం. ప్రహరీ, గేటు, సంపు, సెప్టిక్ ట్యాంకు 4. వంటింటి అరలు, వార్డ్‌రోబులు, ఫ్యాన్లు, లైట్లు, గీజర్లు నాలుగున్నర. శంకుస్థాపన నుంచి గృహప్రవేశం దాకా అయ్యేవి, గడప ఎత్తిన రోజు మేస్త్రీకి బట్టలు, స్లాబు వేసిన రోజు అందరికీ దావత్, ఇవన్నీ చిల్లర అనుకుంటాం కానీ ఒకటిన్నర పోతుంది. కడుతున్నన్నాళ్ళూ ఇప్పుడుంటున్న ఇంటి అద్దె, లోన్ మీద వడ్డీ ఇంకో ఒకటిన్నర. మొత్తం పద్నాలుగున్నర. మిగిలింది ఇరవై అయిదున్నర. అందులో పదో వంతు, అంటే రెండున్నర లక్షలు పక్కన పెట్టాలి, పునాది తవ్వితే నల్లరేగడి పడొచ్చు, స్టీలు రేటు పెరగొచ్చు, వాస్తు చెప్పే పెద్దాయన మధ్యలో వచ్చి వంటింటి తలుపు మార్చమనొచ్చు. మిగిలేది 23.

బిల్డరుకి చెప్పాల్సిన నిజమైన బడ్జెట్ ఆ 23. ఇది దాచడం కాదు. ఫ్యాన్ల డబ్బు, అద్దె డబ్బు అతనికి సంబంధం లేనివి. ప్రహరీ, సంపు కూడా అతనికే ఇస్తుంటే 27 అని చెప్పండి, కానీ అవి విడి లైన్లుగా ఉండాలి.

చదరపు అడుగు 2,000 చొప్పున 23 లక్షలకి 1,150 చదరపు అడుగులు వస్తుంది. రేటు మీ ఊరిని బట్టి, పనిని బట్టి మారుతుంది, ఇక్కడ లెక్క కోసం అనుకున్నాం. ఇప్పుడు అసలు విషయం. ఆ 2,000 రేటులో జీఎస్టీ ఉందా? మెటీరియల్‌తో సహా కట్టి ఇచ్చే కాంట్రాక్టు మీద జీఎస్టీ 18 శాతం. బిల్డరు జీఎస్టీలో నమోదై ఉండి "ట్యాక్స్ అదనం" అన్న చిన్న మాట కొటేషన్ చివర్లో ఉంటే, మీ 23 లక్షల్లో పనికి మిగిలేది 19.5 లక్షలే, అంటే 975 అడుగుల ఇల్లు. ఒక పడకగది ఎగిరిపోయింది. ఈ ప్రశ్న మొదటి మీటింగులోనే అడగండి, మొహమాటం వద్దు.

ఇంకో చిక్కు. లోన్ కోసం ఇంజినీరుతో ఎస్టిమేషన్ వేయిస్తాం కదా, అది సాధారణంగా కాస్త ఎక్కువగానే వేస్తారు. ఆ కాపీ బిల్డరు చేతిలో పడితే అదే మీ బడ్జెట్ అనుకుంటాడు. బ్యాంకు కాగితం బ్యాంకుకే. బ్యాంకు కూడా డబ్బంతా ఒకేసారి ఇవ్వదు, ముందు మన వాటా ఖర్చు పెట్టించి తర్వాత పునాది, స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ దశలు చూసి విడతలుగా ఇస్తుంది. అందుకని బిల్డరుకి మొత్తం ఎంతో చెప్పడంతో పాటు ఏ నెలలో ఎంత ఇవ్వగలరో కూడా చెప్పాలి. స్లాబు అయిన వెంటనే డబ్బు కావాలని అతను, బ్యాంకు ఇంజినీరు వచ్చి చూస్తేగానీ రాదని మీరు, ఈ మధ్యలో పని పదిహేను రోజులు ఆగితే కూలీలు వేరే సైటుకి పోతారు, తిరిగి తేవడం మీ చేతిలో ఉండదు.

కాంట్రాక్టు రకాన్ని బట్టి ఎంత చెప్పాలి

లేబర్ కాంట్రాక్టులో సిమెంటు, స్టీలు, ఇటుక, కంకర అన్నీ మీరే కొంటారు, మేస్త్రీకి కూలి మాత్రమే. ఇక్కడ మొత్తం బడ్జెట్ మేస్త్రీకి చెప్పాల్సిన పని లేదు, అతనికి కావాల్సింది మెటీరియల్ ఎప్పుడు దిగుతుంది, వారం వారం కూలి బట్వాడా ఆగుతుందా లేదా అన్నదే. విడిగా మీరు ఉండటానికి కట్టుకునే ఒక్క ఇంటికి కూలి మాత్రమే కాంట్రాక్టు ఇస్తే దాని మీద జీఎస్టీ లేదు, ఇది పెద్ద ఆదా. కానీ వృథా ఖర్చు మీ నెత్తినే. మామూలు ఇంటికి చదరపు అడుగుకి సుమారు 0.4 బస్తా సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు కిలోల స్టీలు అని లెక్క వేస్తారు. మన 1,150 అడుగులకి 460 బస్తాలు, నాలుగు నుంచి నాలుగున్నర టన్నులు. దీనికి చాలా పైకి పోతుంటే ఎక్కడో తేడా ఉంది, అడగాలి. రోజూ సైటులో కూర్చోగల మనిషి, రిటైరైన నాన్నగారో, మావయ్యో, ఉంటేనే ఈ పద్ధతి ఎంచుకోండి. సెంట్రింగ్ సామాను, మిక్సర్, వైబ్రేటర్ ఎవరివో మాత్రం ముందే తేల్చుకోవాలి.

మెటీరియల్‌తో సహా అయితే అంకె చెప్పకుండా ముందుకు కదలదు. హైదరాబాద్‌లో చాలా కంపెనీలు బేసిక్, ప్రీమియం, లగ్జరీ అంటూ ప్యాకేజీలు పెడతాయి, చూడ్డానికి అన్నీ తేటగా రాసి ఉన్నట్టే ఉంటాయి. అందులో చూడాల్సింది "టైల్స్ అడుగు 50 రూపాయల వరకు", "మెయిన్ డోర్ 25,000 వరకు" లాంటి పరిమితులు. షాపుకి వెళ్తే 50లో మీకు నచ్చేది ఒక్కటీ కనపడదు, 85ది నచ్చుతుంది, 35 తేడా మీది. అది వేసే కూలి, వృథా మీద కూడా తేడా పడుతుందా అన్నది రాసి ఉండదు. ఇక్కడ నిజాయితీ ఎలా పనికొస్తుందంటే, సంతకానికి ముందే టైల్ షాపుకి, శానిటరీ షాపుకి ఒకసారి వెళ్ళి రేట్లు చూసుకుని, "నాకు నచ్చేది ఈ రేటుది, దీన్ని కలిపి 23లో వచ్చేలా ప్లాను తగ్గించండి" అని చెప్పడం. పెళ్ళికి ముందే అన్నీ మాట్లాడుకోవడం మనకి తెలిసిన విద్యే కదా.

మూడోది, ఇంజినీరు కట్టిస్తాడు, అయిన ఖర్చు మీది, అతనికి శాతం. పది శాతమో పన్నెండు శాతమో. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే, కానీ ఒక్క మార్పుతో. ఖర్చు పెరిగే కొద్దీ అతని శాతం పెరిగేలా ఉంటే తగ్గించాలని అతనికి ఎందుకుంటుంది? అందుకే శాతం తీసేసి ఇంత అని ఒక మొత్తం ఫీజు మాట్లాడుకోవాలి. ఈ పద్ధతిలో మీరు బడ్జెట్ పూర్తిగా విప్పి చెప్పాలి, అతను ప్రతి బిల్లూ చూపించాలి. ఒక వైపే తెరిచి ఉంటే ఇది అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

మీ సంగతి ఏదో తేల్చుకోడానికి ఇలా చూడండి. సైటులో మనిషి ఉన్నాడు, డబ్బు గట్టిగా లెక్కపెట్టుకోవాలి అంటే లేబర్ కాంట్రాక్టు. ఉద్యోగాలు, టైము లేదు, అంకె దాటకూడదు అంటే మెటీరియల్‌తో సహా, కానీ ఐటెమ్‌లు రాసి. బాగా నమ్మకమైన ఇంజినీరు దొరికాడు, ఇల్లు కాస్త ప్రత్యేకంగా కావాలి అంటే మూడోది.

మాట్లాడేటప్పుడు

మట్టి పరీక్ష అవ్వకుండా అంకె మీద చేతులు కలపొద్దు. కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో పునాది ఖర్చు ఎర్రనేల మీద ఖర్చులా ఉండదు. కొటేషన్లలో "అయిదు అడుగుల లోతు వరకు" అని ఒక మాట ఉంటుంది, ఆరో అడుగు నుంచి అదనం. పరీక్ష చేయిస్తే ఎంత లోతుకి పోవాలో ముందే తెలుస్తుంది కాబట్టి ఆ వాక్యం మీద బేరం ఆడొచ్చు.

డబ్బు మాట ఒక్కరే మాట్లాడాలి. భర్త 23 అంటుంటే పక్కన బావమరిది "ఇంకో అయిదు సర్దుకోలేమా బావా, ఒక్కసారే కదా కట్టేది" అంటాడు. ప్రేమతోనే అంటాడు, ఆ వాక్యం ఖరీదు మాత్రం సరిగ్గా అయిదు లక్షలు. అమ్మానాన్నలకీ అత్తమామలకీ ముందే ఇంట్లో చెప్పుకోండి, సైటులో రేటు గురించి ఎవరూ నోరెత్తొద్దని.

మాట ఎలా ఉండాలంటే, నేనైతే ఇలా అంటాను: "చూడండి మేస్త్రీ గారూ, ఇంటికి 23 లక్షలు, ప్రహరీకి, సంపుకి వేరే 4. ట్యాక్సు ఉంటే అందులోనే. ఇందులో మీకు మిగలాల్సింది మిగలాలి, నష్టానికి చేయమని అడగట్లేదు. 1,150 అడుగులు రాకపోతే 1,050 చేద్దాం, కానీ మధ్యలో ఎక్స్‌ట్రా అనే మాట రాకూడదు. నేను ఏదైనా మారిస్తే ముందు రేటు వాట్సాప్‌లో పెట్టండి, నేను ఓకే అన్నాకే పని." ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం, చెప్పిందే గుర్తుండదు మనకి, ఆర్నెల్ల తర్వాత గోడ ఎవరు జరపమన్నారన్న దాని మీద గొడవలు అవుతాయి.

పక్కన పెట్టిన ఆ రెండున్నర లక్షల గురించి అడిగితే? చాలామంది చెప్పొద్దంటారు, నేనూ చెప్పొద్దనే అంటాను, ఎంతో చెప్పక్కర్లేదు. నేరుగా అడిగితే "అత్యవసరానికి కొంత ఉంది, అది పని డబ్బు కాదు" అంటే అబద్ధం ఆడినట్టూ కాదు, తలుపు తెరిచినట్టూ కాదు.

అతను కూడా తెరవాలి

మీరు అంకె చెప్పారు కదా, బదులుగా అతని నుంచి రావాల్సినవి ఉన్నాయి. కొలత ఎలా కొలుస్తాడు, బాల్కనీ పూర్తిగానా సగమా, మెట్లు ఒకసారే కొలుస్తాడా ప్రతి అంతస్తులోనా. స్టీలు, సిమెంటు ఈరోజు ఏ రేటుకి లెక్క వేశాడు, ఎంత పెరిగితే తేడా ఎవరిది, తగ్గితే ఆ లాభం ఎవరిది. ఈ తగ్గే సంగతి ఎవరూ అడగరు, కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పాత రేట్లతో వేసిన కొటేషన్‌ని ఎవరైనా తమంతట తాము సవరిస్తారా చెప్పండి. ఆంధ్రాలో 2024 జులై నుంచి ఇసుక ఉచితం, మనం పెట్టుకోవాల్సింది తవ్వకం, లోడింగు, రవాణా. కాబట్టి ఇసుక ఎక్కడి నుంచి తెస్తాడు, ట్రాక్టరు ఎంతకి పడుతోంది, ప్లాస్టరింగ్‌కి నది ఇసుకా, రాయి పిండి చేసిన రోబో ఇసుకా అని అడిగితే అతని లెక్క ఎంత నికార్సైనదో తెలిసిపోతుంది.

డబ్బు ఎప్పుడూ పని వెనకాలే నడవాలి. అడ్వాన్సు పది శాతం దాటొద్దు, చివరి అయిదు శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఉంచుకోండి. స్లాబు కారుతుందో లేదో వాన పడితేనే తెలుస్తుంది. దీనికి ఒప్పుకోని బిల్డరుతో నాకైతే పని ఉండదు.

సొంత స్థలంలో ఒక్క ఇల్లు కట్టించుకుంటే అది రెరా (బిల్డర్ల ప్రాజెక్టుల్లో కొనేవాళ్ళని కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం) కిందికి రాదు, ఇది చాలామందికి తెలియదు. అపార్ట్‌మెంట్ కొన్నవాడికి ఉన్న ఆ రక్షణ మీకు లేదు, ఉన్నది మీ ఒప్పంద పత్రం, ఇంకా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, అందులో ఇళ్ళ నిర్మాణం కూడా సేవ కిందే వస్తుంది. అక్కడికి వెళ్ళినా మొదట అడిగేది ఒప్పందం, చెల్లింపుల రుజువులు. నగదు కట్టలు ఇచ్చి డైరీలో రాసుకుంటే ఏం చూపిస్తారు? పెద్ద ఇల్లు కట్టేవాళ్ళు ఇంకోటి గమనించండి, ఏడాదిలో ఒకే కాంట్రాక్టరుకి 50 లక్షలు దాటి చెల్లిస్తే 2 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాల్సింది మీరే.

విదేశాల్లో ఉండి కట్టించేవాళ్ళకి

మీ ఉద్యోగం, దేశం తెలిసిన రోజునే మీ బడ్జెట్ అతని దృష్టిలో రెట్టింపు అయిపోతుంది, మీరు ఏమీ చెప్పక్కర్లేదు. అందుకే మీ విషయంలో దాచడం అసలు పనిచేయదు, అంకె గట్టిగా చెప్పడమే మార్గం. రూపాయల్లో చెప్పండి, డాలర్లలో ఆలోచించకండి. "ఏముంది, మూడు వేల డాలర్లే కదా" అనుకుంటూ ఒప్పుకున్న మార్పులు అయిదారు అయ్యేసరికి ఇంకో గది ఖర్చు అవుతుంది. బిల్డరుకి సంబంధం లేని ఒక ఇంజినీరుకి విడిగా ఫీజు ఇచ్చి ప్రతి విడత ముందు సైటు చూడమనండి, అతను ఓకే అన్నాకే డబ్బు పంపండి. ఆ పని చుట్టాలకి అప్పగిస్తే ఇల్లు ఎలా వచ్చినా చుట్టరికం మాత్రం మిగలదు.

అయినా ఎక్కువే చెబితే

అన్నీ చెప్పాక కూడా ముగ్గురూ 23కి బదులు 26, 27 అంటే, తప్పు వాళ్ళలో లేదు, ప్లాను పెద్దదైంది. అప్పుడు ముగ్గురినీ ఇంకొంచెం ఇంకొంచెం అని పిండితే పైన చెప్పిన సెంట్రింగ్ కథే. తగ్గించాల్సింది ముందు విస్తీర్ణం, తర్వాత ఎలివేషన్ హంగులు, ఫాల్ సీలింగ్, టేకు తలుపులు మెయిన్ డోర్‌కి మాత్రమే ఉంచడం, ప్రహరీకి ప్లాస్టరింగ్, రంగు వచ్చే ఏడాదికి వాయిదా వేయడం. హాలుకి మాత్రం మంచి టైల్ వేసి గదులకి మామూలుది వేసినా కొంత మిగులుతుంది. ముట్టుకోకూడనివి పునాది, స్టీలు, స్లాబు, బాత్రూముల వాటర్‌ప్రూఫింగ్, గోడల్లోకి వెళ్ళే వైర్లు, పైపులు. ఇవి తర్వాత మార్చాలంటే ఇల్లు పగలగొట్టాలి. రేపు పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే దానికి సరిపడా ఫుటింగ్ (పిల్లరు కింది పునాది), పిల్లర్లు ఇప్పుడే వేయాలి, ఆ ఖర్చు ఎంతో స్ట్రక్చరల్ ఇంజినీరుని అడిగి 23లోనే కలిపి చెప్పండి, "పైన తర్వాత చూద్దాం లెండి" అని మేస్త్రీ అంటే ఆ మాట మీద ఆగొద్దు, డ్రాయింగు అడగండి.